కాదనే హక్కు ఎవరిది? బస్తర్ నుంచి చూసిన సమాఖ్య

అరకు రైలెక్కే వాళ్లలో చాలామందికి ఆ లైను బొర్రా గుహల కోసమో, కాఫీ తోటల కోసమో వేశారనిపిస్తుంది. నిజానికి ఆ పట్టాలు పడింది ఇనుము కోసం. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా దాదాపు 445 కిలోమీటర్ల ఈ దారిని 1960ల్లో వేసింది బైలాడిలా కొండల ముడిఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కణ్ణుంచి జపాన్‌కు చేర్చడానికి. 1968లో తవ్వకం మొదలైంది. ఆ కొండలు దక్షిణ బస్తర్‌లో, నేటి దంతెవాడ జిల్లాలో ఉన్నాయి.

ఆ రైల్లో ఒక్క వ్యాగన్ ఖనిజం మీద ఎన్ని సర్కార్ల చేతులున్నాయో లెక్కేస్తే తల తిరుగుతుంది. గని నడిపేది కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఎండీసీ. లీజు కాగితం రాష్ట్రానిది, ఆ కాగితంలో ఏం ఉండాలో చెప్పే చట్టం కేంద్రానిది. రాయల్టీ రేటు ఢిల్లీ నిర్ణయిస్తుంది, డబ్బు రాయపూర్‌కు వెళ్తుంది. అడవి 1976 దాకా రాష్ట్ర జాబితాలో ఉండేది, 42వ సవరణతో ఉమ్మడి జాబితాలోకి వచ్చింది. రైలు కేంద్రానిది. అడవిలో శాంతిభద్రతలు రాష్ట్రానివి, అక్కడ క్యాంపులు వేసుకున్న సీఆర్పీఎఫ్ కేంద్రానిది. ఇక ఆ కొండ మీద తమ దేవుడున్నాడని మొక్కే ఊళ్లకూ రాజ్యాంగం వట్టి చేతులేమీ చూపలేదు: ఐదో షెడ్యూలు ఉంది, షెడ్యూల్డు ప్రాంతాల పంచాయతీల కోసం 1996లో చేసిన పెసా చట్టం ఉంది, 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఉంది.

అధికార విభజన గురించి రాసేవాళ్లు మామూలుగా జాబితాలతో మొదలుపెడతారు. రక్షణ ఎవరిది, పోలీసు ఎవరిది, పన్ను ఎవరిది అని. బస్తర్ చరిత్ర చదువుతూ పోతే జాబితాల వల్ల తెలిసేది సగమేనని అర్థమవుతుంది. పని చేయించే అధికారం అందరికీ ఎంతో కొంత ఉంటుంది. ఎవరు కాదంటే పని ఆగుతుందన్నది అసలు ప్రశ్న. ఈ గీటురాయి మీద గీసి చూస్తే ప్రపంచంలోని సమాఖ్యల మొహాలు కాస్త వేరుగా కనిపిస్తాయి, మనదైతే మరీను.

పుస్తకాల లెక్క క్లుప్తంగా ఇదీ. అమెరికాలో కేంద్రానికి రాసిచ్చినవి పోగా మిగిలినవన్నీ రాష్ట్రాలవి. కెనడా 1867లో దీన్ని తిరగేసింది, మిగులు అధికారాలు కేంద్రానికిచ్చింది. మనమూ కెనడా దారే పట్టాం, పైగా మూడు జాబితాలు రాసుకున్నాం. కె.సి. వేర్ మన వ్యవస్థను అర్ధ సమాఖ్య అన్నాడు. ఆ పేరు మీద ఏడు దశాబ్దాలుగా డిగ్రీ పరీక్షల్లో ప్రశ్నలొస్తున్నాయి. పేరు సంగతి అలా ఉంచి, కాదనగల శక్తి ఎక్కడుందో చూద్దాం. జర్మనీలో రాష్ట్ర ప్రభుత్వాలే నేరుగా కూర్చునే బుందెస్‌రాట్ ఉంది. అందులో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోనిదే రాజ్యాంగం మారదు. స్విట్జర్లాండ్‌లో పార్లమెంటు చేసిన చట్టాన్ని వంద రోజుల్లో 50,000 సంతకాలతో జనం ఓటుకు లాగొచ్చు, ఎనిమిది కాంటన్లు కలిసినా లాగొచ్చు. బ్రిటన్‌లో స్కాట్లాండ్‌కు 1999 నుంచి పార్లమెంటుంది, కాదనే హక్కు మాత్రం ఆనవాయితీ మీదే నిలబడింది. 2020లో అంతర్గత మార్కెట్ చట్టానికి ఎడిన్‌బరో ఒప్పుకోకపోయినా లండన్ దాన్ని ఆపలేదు.

అన్నిటికన్నా చెప్పుకోదగ్గది కెనడాలో 1990 జూన్‌లో జరిగింది. మీచ్ లేక్ అనే రాజ్యాంగ సవరణ ఒప్పందానికి అన్ని ప్రావిన్సుల ఆమోదం గడువులోగా కావాలి. మానిటోబా శాసనసభలో చర్చ త్వరగా ముగించాలంటే సభ్యులందరూ ఒప్పుకోవాలి. క్రీ తెగకు చెందిన ఎలైజా హార్పర్ అనే సభ్యుడు చేతిలో గద్ద ఈక పట్టుకుని, అడిగిన ప్రతిసారీ కాదన్నాడు. ఆదివాసులను అడగకుండా చేసుకున్న ఒప్పందమని అతని అభ్యంతరం. గడువు దాటింది, ఒప్పందం చచ్చింది. ఒక దేశపు రాజ్యాంగ సవరణను ఒక ఆదివాసీ శాసనసభ్యుడు ఆపగలిగాడంటే అతని ధైర్యం ఒక్కటే కారణం కాదు. ఆ మాటను లెక్కలోకి తీసుకోక తప్పని నిబంధన అక్కడుంది.

మన దగ్గర రాజ్యాంగంలోని 3వ అధికరణ ప్రకారం పార్లమెంటు ఏ రాష్ట్రం సరిహద్దునైనా మార్చొచ్చు, పేరు మార్చొచ్చు, ముక్కలు చేయొచ్చు. సంబంధిత శాసనసభ అభిప్రాయం అడగాలి, దాన్ని పాటించనక్కర్లేదు. 2014లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ బిల్లును తిరస్కరించాక ఏమైందో తెలుగువాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. జీఎస్టీ మండలిలో కేంద్రానికి మూడో వంతు ఓటు, రాష్ట్రాలన్నిటికీ కలిపి మూడింట రెండొంతులు, నిర్ణయానికి నాలుగింట మూడొంతులు కావాలి. అంటే కేంద్రం ఒక్కటే కాదన్నా ఆగుతుంది. ఒక్క రాష్ట్రం కాదంటే ఆగేదేమీ లేదు.

బస్తర్‌ను ఇటూ అటూ కలపడం 3వ అధికరణ కన్నా ముందే మొదలైంది. ఓరుగల్లు పడిపోయాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు ఇంద్రావతి ప్రాంతానికి వెళ్లి రాజ్యం నిలబెట్టుకున్నాడని ఆ రాజవంశం చెప్పుకునే కథ. బ్రిటిష్‌వాళ్ల కింద అది సామంత సంస్థానం. అడవులను రిజర్వు చేసి, వెట్టి పెంచినందుకు 1910లో భూమ్‌కాల్ తిరుగుబాటు లేచింది, దాని నాయకుడిగా గుండా ధూర్ పేరు నిలిచిపోయింది. 1948 జనవరి 1న సంస్థానం సెంట్రల్ ప్రావిన్సెస్-బేరార్‌లో కలిసింది. 1956లో పునర్వ్యవస్థీకరించిన మధ్యప్రదేశ్‌లోకి, 2000 నవంబర్ 1న ఛత్తీస్‌గఢ్‌లోకి వెళ్లింది. 39,000 చదరపు కిలోమీటర్ల పైచిలుకు, అంటే కేరళ కన్నా పెద్ద నేలను, ఐదు దశాబ్దాల పాటు ఒకే జిల్లాగా ఒక కలెక్టరు ఏలాడు. 1998 తర్వాతే అది మూడై, ఐదై, 2012కి ఏడు జిల్లాలైంది. ఇన్ని చేతులు మారినా, నువ్వేమంటావని బస్తర్‌ను విడిగా అడిగిన సందర్భం లేదు.

చివరి రాజు ప్రవీర్‌చంద్ర భంజ్‌దేవ్ కథ కూడా ఇందులో భాగమే. ఆదివాసుల్లో ఆయన పలుకుబడి ప్రభుత్వానికి కంటగింపైంది. 1961లో కేంద్రం ఆయన పాలక గుర్తింపు తీసేసి తమ్ముడికిచ్చింది. 1966 మార్చి 25న జగదల్‌పూర్ రాజప్రాసాదంలో రాష్ట్ర పోలీసుల కాల్పుల్లో ఆయన చనిపోయాడు, ఆయనతోపాటు విల్లంబులు పట్టిన ఆదివాసులూ చనిపోయారు. గుర్తింపు తీసింది ఢిల్లీ, తూటా పేల్చింది భోపాల్ పోలీసు. ఇలా పని పంచుకోవడం ఆ తర్వాత కూడా కొనసాగింది.

దసరాకు జగదల్‌పూర్‌లో 75 రోజుల వేడుక జరుగుతుంది. అందులో ఒక రోజు మురియా దర్బార్. 1876 తిరుగుబాటు తర్వాత జనం గోడు వినడానికి పెట్టిన సభ అది. ఆదివాసీ పెద్దలైన మాంఝీలు, చాల్కీలు తలపాగాలు చుట్టుకుని వరసగా కూర్చుంటారు. రాజు కూర్చునే చోట ఇప్పుడు ముఖ్యమంత్రి కూర్చుంటాడు. రోడ్లు, బడి, తమ గౌరవ వేతనం గురించి అడుగుతారు, కొన్నిటికి అక్కడికక్కడే మాట వస్తుంది. నూట యాభై ఏళ్లుగా మారని సంగతేమిటంటే, ఆ సభలో అర్జీ పెట్టుకోవచ్చు. ఒద్దు అనడానికి దాంట్లో తావు లేదు.

రాజ్యాంగ నిర్మాతలకు ఈ సంగతి తట్టలేదా? తట్టింది. ఐదో షెడ్యూలు ప్రకారం షెడ్యూల్డు ప్రాంతానికి ఏ చట్టమైనా వర్తించకుండా గవర్నర్ ఆపొచ్చు, లేదా మార్చి వర్తింపజేయొచ్చు. ఆదివాసీ సలహా మండలి ఉంటుంది, 20 మంది దాటకుండా, నాలుగింట మూడొంతులు ఆదివాసీ శాసనసభ్యులతో. 1948 ముసాయిదాలో ఆ మండలి మాటకు ఉన్న బలం 1949 సెప్టెంబర్‌కల్లా తగ్గింది. మండలి చెబితే గవర్నర్ చేయాలన్న ధోరణి పోయి, మండలిని సంప్రదించి గవర్నర్ చేయొచ్చన్నది వచ్చింది. జైపాల్ సింగ్ ముండా సభలో దీన్ని గట్టిగా ఎత్తిచూపాడు. నా లెక్కలో బస్తర్‌కు సంబంధించినంతవరకు రాజ్యాంగ సభలో తీసుకున్న నిర్ణయాల్లో ఇంతకన్నా పెద్దది లేదు. కాదనే హక్కు ముసాయిదాలో ఉండింది, అచ్చయ్యేసరికి సలహాగా మారింది.

పైగా ఆ అధికారం ఎవరి చేతిలో పెట్టారో చూడండి. గవర్నర్‌ను వేసేది కేంద్రం. ఆయన నడిచేది రాష్ట్ర మంత్రివర్గం సలహా మీద. సలహా మండలికి ఛత్తీస్‌గఢ్‌లో అధ్యక్షుడు ముఖ్యమంత్రే. ఎవరి చట్టాన్ని ఆపాలో వాళ్లే ఆపాలి. అందుకే ఈ అధికారాన్ని గవర్నర్లు గట్టిగా వాడిన సందర్భాలు దేశం మొత్తం మీద వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

వాటిలో ఎక్కువ కాలం నిలిచింది మన ఏజెన్సీలోనే. 1959 భూబదలాయింపు నిబంధన, దానికి 1970లో చేసిన సవరణ, అంటే జనం నోట్లో ఉన్న ‘వన్ ఆఫ్ సెవెంటీ’. ఏజెన్సీలో గిరిజనేతరుడికి భూమి బదలాయిస్తే చెల్లదు, గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచే వచ్చిందన్న అనుమానంతో మొదలుపెట్టాలి. 1997 జూలై 11న సమత కేసులో సుప్రీంకోర్టు దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లింది. ఏజెన్సీ భూమి విషయంలో ప్రభుత్వం కూడా గిరిజనేతర వ్యక్తే, ప్రైవేటు కంపెనీలకు గని లీజులివ్వడానికి వీల్లేదంది. అనంతగిరి మండలంలో మొదలైన కేసు అది. ఆ తీర్పు సెగ ఇంద్రావతి దాటుతుందని బస్తర్‌లో ఆశపడ్డారు. 2001 డిసెంబర్‌లో బాల్కో కేసులో అది ఆగిపోయింది. కొర్బాలోని కేంద్ర కంపెనీని ఢిల్లీ అమ్మేస్తుంటే ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం సమత తీర్పు చూపించి అడ్డం పడింది. సమత మీదే తమకు సందేహాలున్నాయని, మధ్యప్రదేశ్ భూచట్టం వేరని కోర్టు అంది. ఒకే ఐదో షెడ్యూలుకు సరిహద్దుకు ఇవతల ఒక అర్థం, అవతల మరొకటి.

ఇవతల మాత్రం అంతా బాగుందా అంటే అదీ లేదు. ఏజెన్సీ బడుల్లో టీచరు ఉద్యోగాలు స్థానిక గిరిజనులకే ఇవ్వాలన్న 2000 నాటి జీవో 3 కూడా ఐదో షెడ్యూలు కింద వచ్చిందే. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. నూటికి నూరు రిజర్వేషన్ కుదరదు, గవర్నర్ అధికారం ప్రాథమిక హక్కులకు మించింది కాదని దాని వాదం. న్యాయశాస్త్రంగా అది వాదించదగ్గ మాటే. కానీ మైదానం నుంచి పోస్టింగు వచ్చి నెలలో సగం రోజులు కనిపించని టీచరును చూసిన గూడేనికి అది ఎలా వినిపించిందో కూడా లెక్కలో ఉండాలి.

ఇక ఖనిజం. ఇది కాస్త నిదానంగా చూడాల్సిన విషయం, బస్తర్ కష్టానికీ కలిమికీ వేరు ఇక్కడే. గనుల నియంత్రణను 1957 చట్టంతో కేంద్రం తన చేతిలోకి తీసుకుంది. ఉక్కును దేశమంతటా ఒకే రేటుకు అమ్మాలన్న రవాణా సమీకరణ విధానం 1990ల మొదటిదాకా నడిచి, ముడిసరుకు పక్కనే ఉండటం వల్ల వచ్చే లాభాన్ని గనుల ప్రాంతాలకు లేకుండా చేసింది. ఇనుప ఖనిజం మీద రాయల్టీ 2009లో ధరలో 10 శాతంగా, 2014లో 15 శాతంగా మారింది. రాయల్టీ అనేది పన్నేనని, కాబట్టి రాష్ట్రం దాని మీద వేరే పన్ను వేయకూడదని 1989 తీర్పు. 2024 జూలై 25న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం, ఒకరు విభేదించగా, దాన్ని తోసిపుచ్చింది. రాయల్టీ పన్ను కాదు, గనుల హక్కు మీద పన్ను వేసే అధికారం రాష్ట్రాలదే అంది. రాష్ట్రాల హక్కుల కోణంలో ఇటీవలి కాలంలో ఇంత పెద్ద గెలుపు లేదు. రాయపూర్‌కు పండగే. కిరండూల్ కొండ కింది ఊరికి? ఆ కేసులో వాదులు రాష్ట్రాలు, గని కంపెనీలు, కేంద్రం. ఊరు ఎక్కడా కక్షిదారు కాదు.

ఊరి కోసమని 2015లో జిల్లా ఖనిజ నిధి పెట్టారు. పాత లీజులైతే రాయల్టీకి మరో 30 శాతం ఆ నిధికి జమచేయాలి. దంతెవాడకు దీనివల్ల మంచి డబ్బే వచ్చింది. ఆ నిధి పాలకమండలికి మంత్రి అధ్యక్షుడా, కలెక్టరా అన్నదాని మీద రాయపూర్, ఢిల్లీ కొన్నేళ్లు తగువు పడ్డాయి. గ్రామసభ అన్న మూడో జవాబు ఆ తగువులో ఎవరి నోటా రాలేదు.

2019 జూన్‌లో ఏమైందో చూస్తే ఈ ముడి ఇంకా దగ్గరగా తెలుస్తుంది. బైలాడిలా 13వ నిక్షేపాన్ని తవ్వడానికి ఎన్ఎండీసీ, రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ కలిసి ఒక కంపెనీ పెట్టుకున్నాయి. తవ్వే కాంట్రాక్టు ఒక పెద్ద ప్రైవేటు గ్రూపుకు దక్కింది. ఆ కొండ నందరాజ్ అనే దేవుడిది. సుక్మా, బీజాపూర్ జిల్లాల నుంచి కూడా వేలమంది తిండిగింజలు మూటగట్టుకుని, విల్లంబులతో నడిచి వచ్చి కిరండూల్‌లో గని ఆఫీసు ముందు రోజుల తరబడి కూర్చున్నారు. హిరోలీ గ్రామసభ 2014లో ఒప్పుకున్నట్టు చూపిస్తున్న తీర్మానం దొంగదని వాళ్ల ఆరోపణ. రాష్ట్ర ప్రభుత్వం పని ఆపించి విచారణకు ఆదేశించింది. గమనించాల్సింది ఒకటుంది: గ్రామసభ సంతకం ఊరికి అడ్డుగోడగా పనికిరాలేదు, కంపెనీకి మాత్రం ఫైల్లో కావాల్సి వచ్చింది. పని ఆగింది చట్టం వల్ల కాదు, ఆఫీసు ముందు వేలమంది కూర్చోవడం వల్ల.

భూమి విషయంలో ఇలాంటిదే ఒకసారి వెనక్కి కూడా తిరిగింది. లోహండిగూడలో టాటా స్టీలు కోసం 2008లో సేకరించిన దాదాపు 4,200 ఎకరాలు ఫ్యాక్టరీ రాకపోవడంతో 2019లో 1,700 మందికి పైగా రైతులకు తిరిగి దక్కాయి. దీన్ని నేను తక్కువ చేయను. కాకపోతే అది ఎన్నికల హామీగా దక్కింది, హక్కుగా కాదు. ఇక బస్తర్‌లో ఎన్ఎండీసీ కట్టిన నగర్‌నార్ ఉక్కు కర్మాగారం సంగతి. దాన్ని అమ్మకానికి పెడితే తామే కొంటామని ఛత్తీస్‌గఢ్ శాసనసభ 2020 డిసెంబర్‌లో తీర్మానించింది. ఐదు నెలలకు విశాఖ ఉక్కును ప్రైవేటుకు అమ్మొద్దని ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానించింది. రెండు తీర్మానాలకూ ఢిల్లీలో ఉన్న విలువ సలహా మండలి సలహాకు ఉన్నంతే.

పోలీసు రాష్ట్ర విషయమని ఏడో షెడ్యూలు చెబుతుంది. బస్తర్‌లో ఆ వాక్యానికి ఏం మిగిలిందో సల్వా జుడుం కేసు చెబుతుంది. మావోయిస్టులకు వ్యతిరేకంగా 2005లో మొదలైన ఆ కార్యక్రమంలో ఆదివాసీ కుర్రాళ్లను ప్రత్యేక పోలీసు అధికారులుగా తీసుకుని తుపాకులిచ్చారు. ఊళ్లకు ఊళ్లు క్యాంపుల్లోకి, అడవుల్లోకి, గోదావరి దాటి మన వైపుకు చెదిరిపోయాయి. నందినీ సుందర్ తదితరులు వేసిన కేసులో కేంద్రం ఏమందంటే: ఎంతమందిని తీసుకోవచ్చో మంజూరు చేయడం, వాళ్ల గౌరవ వేతనం రాష్ట్రానికి తిరిగి చెల్లించడం, అంతవరకే మా పాత్ర. ఎవరిని తీసుకున్నారు, ఏం నేర్పారు, ఎక్కడికి పంపారు అన్నది రాష్ట్రం సంగతట. డబ్బిచ్చిన చెయ్యికి తుపాకీ సంగతి తెలియదు, తుపాకీ ఇచ్చిన చెయ్యేమో దేశ భద్రత అంటూ ఢిల్లీ వైపు చూపిస్తుంది. 2011 జూలై 5న కోర్టు ఆ నియామకాలు రాజ్యాంగ విరుద్ధమంది. రాష్ట్రం ఆ ఏడాదే కొత్త చట్టం తెచ్చి వాళ్లను సహాయక సాయుధ దళంలోకి తీసుకుంది. శాసనసభ చట్టం చేయడం కోర్టు ధిక్కారం కాదని 2025 మేలో సుప్రీంకోర్టు ఆ కేసు మూసేసింది.

రెండు ప్రభుత్వాలు కలిసిపోయినప్పుడే కాదు, కొట్టుకున్నప్పుడూ బస్తర్‌కు ఒరిగింది తక్కువే. 2013 మే 25న ఝీరమ్ లోయలో కాంగ్రెస్ కాన్వాయ్ మీద మావోయిస్టుల దాడి జరిగింది. సల్వా జుడుంను ముందుండి నడిపిన మహేంద్ర కర్మతో సహా పాతికమందికి పైగా చనిపోయారు. కేసు జాతీయ దర్యాప్తు సంస్థ ఎన్ఐఏ తీసుకుంది. 2018లో రాష్ట్రంలో కాంగ్రెస్ ప్రభుత్వం వచ్చాక సొంత దర్యాప్తుకు ఫైళ్లు అడిగితే ఎన్ఐఏ ఇవ్వనంది. కోర్టుల్లో తిరిగి తిరిగి 2023 నవంబర్‌లో రాష్ట్రానికి దారి తెరుచుకుంది, మరుసటి నెలలోనే అక్కడ ప్రభుత్వం మారిపోయింది. ఈలోగా 2020 జనవరిలో ఛత్తీస్‌గఢ్ ఏకంగా ఎన్ఐఏ చట్టాన్నే సుప్రీంకోర్టులో సవాలు చేసింది. 2008లో ఆ చట్టం తెచ్చింది అదే పార్టీ అన్నది చిన్న చిక్కు. మన పార్టీలకు రాష్ట్రాల హక్కులు ఢిల్లీలో ఓడిపోయిన మర్నాడు గుర్తొస్తాయి.

ఈ రెండు సర్కార్లతోపాటు అడవిలో మూడోది కూడా నడిచింది. మావోయిస్టులు దాన్ని జనతన సర్కార్ అన్నారు. భూమి పంచింది, చెరువులు తవ్వించింది, తునికాకు రేటు పెంచించింది, పన్ను వసూలు చేసింది, శిక్షలూ వేసింది. దాన్ని ఊరి స్వపరిపాలనగా చూసేవాళ్లున్నారు. నేను అలా చూడలేను. పైనుంచి వచ్చిన నిర్ణయాన్ని ఊరు కాదనగలిగిందా అన్న అదే గీటురాయి దానికీ పెట్టాలి. ఇన్‌ఫార్మర్ అన్న ముద్ర పడ్డాక వాదించుకునే చోటు అక్కడ కూడా లేదు. 2026 మార్చి 31 కల్లా మావోయిజాన్ని అంతం చేస్తామని కేంద్రం గడువు పెట్టుకుంది. ఊరు కాదనగలదా అన్న ప్రశ్న ఆ గడువులో లేదు. 2021 మేలో సిల్‌గేర్‌లో మమ్మల్నడగకుండా మా పొలాల్లో క్యాంపు ఎందుకు పెట్టారని జనం గుమిగూడితే కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. గ్రామసభ అనుమతి ఏదని అడిగిన మూలవాసీ బచావో మంచ్‌ను 2024 అక్టోబర్‌లో రాష్ట్రం నిషేధించింది.

వాళ్లు అడిగిన గ్రామసభ అనుమతికి ఆధారం పెసా. దాని వెనక బస్తర్‌లో ఒకప్పుడు కలెక్టరుగా పనిచేసిన బి.డి. శర్మ శ్రమ చాలా ఉంది. మావలీభాటా ఉక్కు ఫ్యాక్టరీకి అడ్డం పడినందుకు 1992లో జగదల్‌పూర్ వీధుల్లో ఆయన్ను అవమానించి ఊరేగించారు. ‘మావా నాటే మావా రాజ్’, మా ఊళ్లో మా రాజ్యం, అన్న గోండు నినాదం అప్పటిది. నాలుగేళ్లకు వచ్చిన చట్టం ఆ నినాదం చెప్పినదాన్ని దగ్గరదాకా తెచ్చి ఆగింది. భూసేకరణకు ముందు గ్రామసభను గానీ తగిన స్థాయి పంచాయతీని గానీ ‘సంప్రదించాలి’. చిన్నతరహా ఖనిజాలకు ‘ముందస్తు సిఫారసు’ కావాలి. ఇసుక, కంకర చిన్నతరహా, ఇనుము కాదు. అంటే ఊరి పక్క వాగులో ఇసుకకు ఊరి మాట కావాలి, ఊరి మీది కొండకు అక్కర్లేదు. నియమాలు రాసుకోవడానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 2011 దాకా, ఛత్తీస్‌గఢ్‌కు 2022 దాకా పట్టింది.

సిఫారసు, సంప్రదింపు అక్కర్లేకుండా నేరుగా ఊరికే ఇచ్చిన హక్కు ఒకటుంది: చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం. అదెలా నడుస్తోందో తునికాకు దగ్గర చూడొచ్చు. ఏప్రిల్, మే ఎండల్లో తెల్లవారకముందే అడవిలోకి పోయి ఆకు కోసుకొచ్చి, మధ్యాహ్నం నీడన కూర్చుని యాభై ఆకుల కట్టలు కట్టి, సాయంత్రానికి కల్లంలో అప్పజెప్పాలి. వెయ్యి కట్టలైతే ఒక స్టాండర్డ్ బస్తా, అంటే 50,000 ఆకులు. ఛత్తీస్‌గఢ్ 2024లో దానికి 5,500 రూపాయలు కట్టింది. రేటు మంచిదే. కానీ 1964 నాటి చట్టం ప్రకారం కొనేది ప్రభుత్వ సమాఖ్య ఒక్కటే. ఇంద్రావతికి అవతల గడ్చిరోలిలో గ్రామసభలు సొంతంగా టెండరు పిలిచి అమ్ముకుంటున్నాయి. ఇక్కడ అలా అమ్ముకోబోయిన ఊళ్లకు అటవీశాఖ అడ్డు తగిలింది. యాజమాన్యం ఊరిది, కొనేవాడిని మాత్రం సర్కారు చూపిస్తుంది.

ఊరు కాదంటే నిజంగా ఆగిన సందర్భం దగ్గర్లోనే ఉంది. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు నియమగిరి బాక్సైట్ సంగతి ఒడిశా గ్రామసభలకు వదిలింది. పన్నెండు పల్లెలు, పన్నెండూ వద్దన్నాయి. గని రాలేదు. దాన్ని చూసి ఉత్సాహపడినవాళ్లు 2022 అటవీ నియమాలు కూడా చదవాలి. అటవీ భూమి మళ్లింపుకు కేంద్రం ఆమోదం ముందు, అటవీ హక్కుల పరిష్కారం రాష్ట్రం బాధ్యతగా తర్వాత అన్నట్టు వరస మార్చారు. అన్నీ అయిపోయాక అడిగితే ఊరు ఏమంటుంది?

ఇది భారతదేశంలో కుదరని పని అనుకోవడానికి వీల్లేదు. 371ఎ అధికరణ ప్రకారం నాగాలాండ్‌లో భూమి, వనరుల యాజమాన్యం మీద పార్లమెంటు చట్టం అక్కడి శాసనసభ తీర్మానిస్తే తప్ప వర్తించదు. మిజోరంకు 371జి ఉంది. సాయుధ పోరాటం జరిగి, ఒప్పందం కుదిరిన చోట ఆ హక్కు దక్కింది. చుట్టూ చూస్తే నేపాల్ 2015 రాజ్యాంగంలో స్థానిక ప్రభుత్వాలకు సొంత జాబితా రాసింది. బొలీవియాలో 2017 నుంచి చరాగువా అనే ఆదివాసీ స్వయంపాలన నడుస్తోంది. ఇండొనేసియాలోని పపువా అయితే బస్తర్‌కు అద్దం లాంటిది: గ్రాస్‌బర్గ్ గని, సాయుధ తిరుగుబాటు, 2001లో ప్రత్యేక స్వయంప్రతిపత్తి, డబ్బు బాగానే, 2022లో జకార్తా దాన్ని కొత్త ప్రావిన్సులుగా చీల్చడం.

అలాగని కాదనే హక్కు ఇస్తే అన్నీ చక్కబడతాయని నేను అనను. నాగాలాండ్‌లో పట్టణ సంస్థల్లో ఆడవాళ్లకు మూడో వంతు సీట్లను అదే 371ఎ చూపించి ఏళ్లకేళ్లు ఆపారు, 2024లో గానీ ఎన్నికలు జరగలేదు. మేఘాలయలో ఆరో షెడ్యూలు నీడన ఎలుక బొరియల గనులు కూలీల ప్రాణాలు తీశాయి. ఊళ్లో కూడా పెద్దలుంటారు, నోరున్నవాళ్లుంటారు. కానీ ఊరు తప్పుగా కాదనొచ్చు కాబట్టి అసలు కాదననివ్వకూడదన్న వాదన శాసనసభలకూ పార్లమెంటుకూ అంతే వర్తిస్తుంది, వాటికి ఎవరూ దాన్ని వర్తింపజేయరు.

ఇదంతా మనకు దూరం సంగతి కాదు. సల్వా జుడుం రోజుల్లో చెదిరి ఖమ్మం, వరంగల్ అడవుల్లోకి వచ్చినవాళ్లను మనం గుత్తికోయలంటాం. సరిహద్దు దాటగానే వాళ్ల షెడ్యూల్డు తెగ హోదా ప్రశ్నార్థకమైంది, ఎందుకంటే ఆ జాబితా రాష్ట్రం రాష్ట్రానికి వేరు. పోడుకు పట్టా రాదు, ధ్రువపత్రం రాదు. ఛత్తీస్‌గఢ్ తిరిగి రమ్మంటుంది, తెలంగాణ మావాళ్లు కాదంటుంది.

శబరి ఒడ్డున కుంట పట్టణం ఉంది, తెలుగు వినబడే ఊరు, భద్రాచలం ఆస్పత్రికి పోయే ఊరు. సరిహద్దుకు ఇవతల చింతూరు. 2014లో పోలవరం ముంపు కోసం చింతూరుతో సహా ఏడు మండలాలను రాష్ట్రపతి సంతకంతో తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌కు మార్చారు. కుంట వైపు అలా మార్చడం కుదరలేదు. వెనుక జలాలు అటు పోకుండా శబరి వెంట దాదాపు 29 కిలోమీటర్ల కరకట్ట ప్రతిపాదన పెట్టారు. కరకట్టకు ముందు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి, జరపాల్సింది అక్కడి రాష్ట్ర ప్రభుత్వం. ప్రాజెక్టు మీద సుప్రీంకోర్టుకెళ్లిన ఒడిశా, ఛత్తీస్‌గఢ్ ఆ సభలు పెట్టలేదు. అడ్డుకోవడానికి ఢిల్లీ ముందు వాటి చేతిలో మిగిలింది అదొక్కటే మరి. అలా సభ పెట్టకపోవడం రాష్ట్రం కాదనే పద్ధతైంది, దాంతో కుంట చుట్టుపక్కల దోర్ల ఆదివాసుల పల్లెలు ఔననో కాదనో చెప్పే సభే జరగలేదు. కేంద్రమేమో 2011 ఫిబ్రవరిలో తానే ఇచ్చిన పని నిలుపుదల ఉత్తర్వును గడువు మీద గడువు పెంచుతూ పక్కన పెడుతూ వచ్చింది. ఆనకట్ట పని సాగుతూనే ఉంది.